కవి, రాయబారి, పెన్షనరు: జార్జి సెఫెరిస్

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తీర్పు చెప్పింది. ఏటా ఆ మాట తలచుకుంటూనే ఉన్నాం. ఈసారి కార్యదర్శిగారు డి.ఏ. బకాయిల సంగతీ వైద్య ఖర్చుల సంగతీ ఇతర వక్తలకు అప్పగించి, "మీరు పుస్తకాలు చదువుతారు గదా, ఆ వైపు నుంచి ఏదైనా చెప్పండి" అని నన్ను ఆజ్ఞాపించారు. అందుకని, మనలాగే ప్రభుత్వోద్యోగం చేసి, మనలాగే రిటైరై, ఆ తర్వాత ఒకే ఒక్కసారి గట్టిగా నోరు విప్పిన ఒక పెద్దమనిషి జీవితం మీ ముందు పెడుతున్నాను. ఆయన గ్రీసు దేశస్థుడు. పేరు జార్జి సెఫెరిస్. వృత్తి రాయబార కార్యాలయాల్లో ఉద్యోగం, ప్రవృత్తి కవిత్వం.

కవులు రాయబారులు కావడం ప్రపంచానికి కొత్త కాదు. చిలీ దేశపు పాబ్లో నెరూడా, మెక్సికో కవి ఆక్టేవియో పాజ్, ఇద్దరూ రాయబారులే, ఇద్దరూ నోబెల్ బహుమతి పొందినవారే. పాజ్ అయితే 1962 నుంచి 1968 వరకు మన ఢిల్లీలోనే మెక్సికో రాయబారిగా ఉన్నారు. 1968 అక్టోబరులో తమ రాజధానిలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయని తెలిసి, నిరసనగా పదవి వదులుకున్నారు. అది సర్వీసులో ఉండగా చేసిన పని. సెఫెరిస్ చేసింది సర్వీసు ముగిసిన తర్వాత. కనుక మన సంఘానికి ఈయన కథే ఎక్కువ దగ్గర అనిపించింది.

ముందు ఆయన పుట్టిన ఊరి సంగతి చెప్పాలి. ఈనాటి టర్కీ పడమటి తీరాన ఇజ్మీర్ అనే రేవుపట్టణం ఉంది. పూర్వం దాన్ని స్మిర్నా అనేవారు. ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడిలో అక్కడ గ్రీకులు, టర్కులు, ఆర్మీనియన్లు, యూదులు పక్కపక్క వీధుల్లో బతికేవారు. 1900లో సెఫెరిస్ ఆ ప్రాంతంలోనే ఒక గ్రీకు కుటుంబంలో పుట్టారు. తండ్రి న్యాయవాది. తానూ కవిత్వం రాసేవారు, తర్వాత ఏథెన్సు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1914లో కుటుంబం ఏథెన్సుకు తరలిపోయింది. 1918లో కుర్రవాడు న్యాయశాస్త్రం చదవడానికి ప్యారిస్ వెళ్ళాడు. అతను అక్కడ ఉండగానే, 1922లో గ్రీసు టర్కీల యుద్ధం చివరిదశలో స్మిర్నా తగలబడిపోయింది. ప్రాణాలు మిగిలిన గ్రీకులు పడవలెక్కి పారిపోయారు. మరుసటి సంవత్సరం రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని, మతాన్ని బట్టి జనాన్ని అటువారినిటు, ఇటువారినటు మార్చుకున్నాయి. అలా గ్రీసుకు వచ్చి పడిన కాందిశీకులు పది లక్షలకు పైమాటే. 1947లో మన దేశ విభజన గురించి విన్నవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. పుట్టిన ఇల్లు ఉన్నట్టుండి పరాయి దేశమైపోవడమనే బాధ ఆయన కవిత్వంలో చివరిదాకా కనిపిస్తుంది.

1926లో ఆయన గ్రీసు విదేశాంగ శాఖలో ఉద్యోగంలో చేరారు. అసలు ఇంటిపేరు సెఫెరియాడిస్. 1931లో మొదటి కవితా సంపుటి వెలువరించేటప్పుడు తోక కత్తిరించి సెఫెరిస్ అని కలంపేరు పెట్టుకున్నారు. మనలో పాత హైదరాబాదు వారికి 'సఫర్' అంటే ప్రయాణమని తెలుసు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటనే టర్కీ భాషలో 'సెఫెర్' అంటారు. ఆ పేరులోనే ప్రయాణం ఉంది. బదిలీల ఉద్యోగికి అంతకంటె తగిన పేరేముంటుంది?

సర్కారు కొలువులో ఉండి కలంపేరుతో రాసేవారు మన ఆఫీసుల్లో మాత్రం తక్కువా? పొద్దున సెఫెరియాడిస్ ఫైలు మీద సంతకం పెట్టేవారు. రాత్రి సెఫెరిస్ కవిత్వం రాసుకునేవారు. ఒకరి పని ఇంకొకరికి అడ్డురాకుండా సుమారు 35 ఏళ్ళు నెట్టుకొచ్చారు. ఆ నలుగుబాటంతా రోజువారీ దినచర్య పుస్తకాల్లో రాసుకున్నారు. రాజకీయ విషయాలకు ప్రత్యేకంగా మరో దినచర్య పెట్టుకున్నారు. వాటిలో చాలాభాగం ఆయన పోయిన తర్వాతే అచ్చయ్యాయి.

ఆయన సర్వీసు రిజిస్టరు తిరగేస్తే కళ్ళు తిరుగుతాయి. 1931లో లండను కాన్సులేటు. అక్కడే ఇంగ్లీషు కవి టి.ఎస్.ఎలియట్ రచనలతో పరిచయం కలిగి, 'వేస్ట్ ల్యాండ్' కావ్యాన్ని 1936లో గ్రీకులోకి తెచ్చారు. అదే సంవత్సరం అల్బేనియాలో కొర్చా అనే చిన్న ఊరికి కాన్సులుగా బదిలీ. 1938లో మళ్ళీ ఏథెన్సు, విదేశీ పత్రికల వ్యవహారాలు చూసే విభాగానికి అధిపతి.

ఇక్కడొక చిక్కు ఉంది, దాచకుండా చెప్పాలి. 1936 ఆగస్టు నుంచి గ్రీసులో మెటాక్సస్ అనే సేనాని నియంతృత్వం నడుస్తోంది. ఆ ప్రభుత్వం కిందనే సెఫెరిస్ పత్రికల విభాగం చూశారు. ఉద్యోగధర్మం అని కొందరు సమర్థించారు, కవికి తగని పని అని కొందరు తప్పుపట్టారు. ఆయన బయటికి జవాబు చెప్పలేదు. 1941 సెప్టెంబరులో తన ఆలోచనలన్నీ ఒక కాగితంలో రాసి పక్కన పెట్టుకున్నారు. అది 1972లో, ఆయన కన్నుమూసిన మరుసటి ఏడు, వెలుగు చూసింది. మూడు దశాబ్దాల తర్వాత ఆయన చేసిన పనిని అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. నియంతృత్వం లోపలి గదులు ఎలా ఉంటాయో ఆయనకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు.

1941 ఏప్రిల్లో జర్మన్ సైన్యాలు గ్రీసు మీద పడ్డాయి. ఆ గందరగోళంలోనే, ఏప్రిల్ 10న, మారో అనే ఆవిడను పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన పన్నెండు రోజులకే దేశం విడిచిపోతున్న ప్రభుత్వంతోపాటు భార్యాభర్తలిద్దరూ క్రీటు దీవికి, అక్కడి నుంచి ఈజిప్టుకు వెళ్ళారు. తర్వాత దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా, మళ్ళీ కైరో, చివరకు ఇటలీ. 1944 అక్టోబరులో గాని స్వదేశం చేరలేదు. ప్రభుత్వమే కాందిశీకురాలైన రోజుల్లో దాని కాగితాలు మోసిన ఉద్యోగి ఆయన.

యుద్ధం తర్వాత 1948లో టర్కీ రాజధాని అంకారాలో పోస్టింగు. అప్పుడు 1950లో వీలు చూసుకుని తాను పుట్టి పెరిగిన తీరానికి వెళ్ళి వచ్చారు. ఊరు ఉంది, తనవాళ్ళు లేరు. ఏ ప్రభుత్వం వల్ల ఆ ఇల్లు పోయిందో ఆ ప్రభుత్వంతోనే మర్యాదగా మాట్లాడి పని చక్కబెట్టుకు రావడం ఆయన ఉద్యోగం. రాయబారి కొలువులో విందులూ వినోదాలే ఉంటాయనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

1953లో లెబనాన్‌కు ప్రతినిధిగా వెళ్ళారు. సిరియా, జోర్డాన్, ఇరాక్ దేశాలు కూడా ఆయన కిందికే వచ్చేవి. ఆ దగ్గరలోనే సైప్రస్ దీవి ఉంది. అప్పటికి అది బ్రిటిషువారి వలస. జనంలో ఎక్కువమంది గ్రీకు మాట్లాడేవారు, తక్కువమంది టర్కీ భాష వారు. సెలవు దొరికినప్పుడల్లా ఆయన అక్కడికి వెళ్ళేవారు. పోయిన స్మిర్నా మళ్ళీ దొరికినట్టు ఆ దీవిని ప్రేమించారు. 1955లో దాని మీద ఒక కవితల పుస్తకమే తెచ్చారు. అదే ఏడాది దీవిలో బ్రిటిషువారి మీద సాయుధ పోరాటం మొదలైంది. 1957లో సరిగ్గా ఆ బ్రిటనుకే ఆయన్ను రాయబారిగా వేశారు!

1959 ఫిబ్రవరిలో జ్యూరిక్‌లోనూ లండన్‌లోనూ సైప్రస్ భవిష్యత్తు మీద ఒప్పందాలు కుదిరాయి. ఆ పద్ధతి ఆయనకు నచ్చలేదు. ఇది ముందు ముందు చిక్కులు తెస్తుందని తమ శాఖలోపల అభ్యంతరం తెలిపారు. పై నిర్ణయం మారలేదు. నోటు ఫైలులో పెట్టాక పై అధికారి 'చూశాను' అని సంతకం చేసి ముందుకు పంపేసిన అనుభవం ఈ సభలో ఎంతమందికి లేదు? ఆయన పత్రికలకెక్కలేదు, రాజీనామా చెయ్యలేదు. 1960లో సైప్రస్ స్వతంత్ర దేశమైంది. 1962 నాటికి ఆయన ఉద్యోగవిరమణ చేసి ఏథెన్సులో, పాత ఒలింపిక్ స్టేడియం వెనకనున్న ఆగ్రాస్ వీధిలోని తమ సొంత ఇంటికి చేరారు. దౌత్యశాఖ వారి ఆనవాయితీ ప్రకారం 'గౌరవ రాయబారి' అనే హోదాతో, దౌత్య పాస్‌పోర్టుతో సాగనంపారు.

మరుసటి ఏడాదే, 1963లో, నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి గ్రీకు రచయిత ఆయనే. అంతటితో కథ ఆగిపోయి ఉంటే ఇది ఒక పూలదండ జీవితం. ఇంత దూరం మీకు చెప్పనవసరమే ఉండేది కాదు.

1967 ఏప్రిల్ 21 తెల్లవారుజామున కొందరు సైనికాధికారులు ట్యాంకులతో ఏథెన్సును పట్టుకుని ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నారు. వారి నాయకుడు పాపడోపులస్ అనే కల్నలు. ఎన్నికలు లేవు. వేలమందిని నిర్బంధించి దీవులకు పంపారు. పత్రికల మీద సెన్సారు పెట్టారు. మికిస్ థియోడొరాకిస్ అనే ప్రసిద్ధ సంగీతకారుడి పాటలు పాడినా విన్నా నేరమని సైన్యం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు సంగతి మరచిపోకండి, మళ్ళీ వస్తుంది.

సెఫెరిస్ అప్పుడు ఏం చేశారు? మొదట ఏమీ మాట్లాడలేదు. అయితే, సెన్సారు ఉన్నంతకాలం తన రచన ఏదీ గ్రీసులో అచ్చుకు ఇవ్వకూడదని నిశ్చయించుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఎంతో గౌరవనీయమైన ఒక ఆచార్య పీఠానికి పిలిస్తే, తన దేశంలో లేని వాక్స్వాతంత్ర్యాన్ని పరాయి దేశంలో అనుభవించడానికి మనసొప్పక వద్దన్నారు. 1968లో కొన్ని నెలలు అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో ఉన్నారు. కవితా పఠనాలకు వచ్చిన ప్రవాసులు, "మీరు ఎందుకు మాట్లాడరు?" అని మొగం మీదే అడిగారు. కొందరు నిష్ఠూరాలాడారు. ఆయన అక్కడ మాట్లాడలేదు. కారణం సులభమే. దూరాన క్షేమంగా కూర్చుని, ఇంటిదగ్గర ప్రమాదంలో ఉన్నవారి తరఫున కేకలు వేయడం ఆయనకు ఇష్టంలేదు. మాట్లాడితే ఏథెన్సు నుంచే మాట్లాడాలి.

తిరిగి వచ్చి అలాగే చేశారు. 1969 మార్చి 28న ఆయన ప్రకటన బి.బి.సి. గ్రీకు ప్రసారంలో ఆయన గొంతుతోనే వినిపించింది. మన భాషలో చెప్పాలంటే అది ఒక్క పేజీ నోటు. చదవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. అందులో ఎవరి పేరూ లేదు, ఒక్క తిట్టూ లేదు. రాజకీయాలకు దూరంగా ఉండాలని ఎప్పుడో నిర్ణయించుకున్నాననీ, అంతమాత్రాన దేశం సంగతి తనకు పట్టదని కాదనీ మొదలుపెట్టారు. రెండేళ్ళుగా నడుస్తున్న పాలన, గత యుద్ధంలో గ్రీకు ప్రజలు ఏ విలువల కోసం పోరాడారో వాటికే విరుద్ధమన్నారు. నియంతృత్వాలకు ఆరంభం తేలికగా ఉంటుందనీ, అంతం మాత్రం తప్పకుండా విషాదమేననీ హెచ్చరించారు. ముందర అగాధం కనిపిస్తోందనీ, ఈ అపసవ్యం ఆగిపోవాలనీ చెప్పారు. చివర తాను మళ్ళీ మౌనంలోకి వెళుతున్నానని, ఇంకోసారి మాట్లాడవలసిన అవసరం దేవుడు కల్పించకూడదని కోరుకుని ముగించారు.

ప్రభుత్వం ఊరుకోలేదు. 'గౌరవ రాయబారి' హోదా తీసివేసింది. దౌత్య పాస్‌పోర్టు హక్కు రద్దుచేసింది. సుమారు 35 ఏళ్ళ సేవకు గుర్తుగా ఇచ్చిన రెండు గౌరవాలూ ఒక్క ప్రకటనతో పోయాయి. అప్పటికి ఆయన వయసు 69. మనలో చాలామంది ఆ ఈడు దాటినవాళ్ళమే. ఆ వయసులో మనిషికి ఉన్నది పోగొట్టుకోవడమంటే ఎంత బెంగో నేను వేరే వివరించనక్కర్లేదు.

ఆ మాట వృథా పోలేదు. అప్పటిదాకా నోరు మెదపని రచయితలు ఒక్కొక్కరే ముందుకు వచ్చారు. 1970లో పద్దెనిమిదిమంది రచయితలు కలిసి 'పద్దెనిమిది రచనలు' అనే సంపుటం తెచ్చారు. దాని మొదటి పుటల్లో ఉన్నది సెఫెరిస్ కవితే.

1971 సెప్టెంబరు 20న ఆయన ఏథెన్సు ఆసుపత్రిలో కన్నుమూశారు. అంత్యక్రియల రోజున జనం వేలాదిగా వీధుల్లోకి వచ్చారు. శవపేటిక వెంట నడుస్తూ ఒక పాట అందుకున్నారు. అది ఆయన 1931లో మొదటి పుస్తకంలో రాసిన చిన్న ప్రేమ కవిత. సముద్రపుటొడ్డు, మధ్యాహ్నపు దాహం, నోటికందని ఉప్పునీరు, అంతే. రాజకీయం ముక్క ఒక్కటి లేదు. దానికి బాణీ కట్టింది మాత్రం ఆ నిషిద్ధ సంగీతకారుడు థియోడొరాకిస్. సైన్యం వద్దన్న పాటను జనమంతా ఒక్క గొంతుతో పాడారు. అంతమందిని ఎవరు అరెస్టు చేయగలరు?

ఇక ఆయన చెప్పిన అగాధం సంగతి. 1974 జూలై 15న గ్రీసు సైనిక పాలకులు సైప్రస్‌లో కుట్ర చేయించి అక్కడి అధ్యక్షుణ్ణి పడగొట్టారు. అయిదు రోజులకు టర్కీ సైన్యం ఆ దీవి మీద దిగింది. దీవి రెండు ముక్కలైంది. లక్షలాది మంది ఇళ్ళు విడిచి కాందిశీకులయ్యారు. అదే నెలలో ఏథెన్సులో సైనిక ప్రభుత్వం కూలిపోయింది. పుట్టిన ఊరు పోయాక తన ఊరుగా చూసుకున్న దీవికే ఆ అగాధం వచ్చింది. అది చూడకుండానే ఆయన వెళ్ళిపోయారు.

మిత్రులారా, ఈ జీవితం చదివాక నాకు తోచిన మాట ఒకటి చెప్పి ముగిస్తాను.

ఉద్యోగి మౌనం రెండు రకాలు. ఒకటి కొలువు మౌనం. మన ప్రవర్తనా నియమావళి ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించరాదంటుంది. అది న్యాయమే. ఫైలులో మనకు తోచింది రాస్తాం, నిర్ణయం వచ్చాక అమలు జరుపుతాం. సెఫెరిస్ సైప్రస్ విషయంలో చేసింది అదే. రెండోది భయపు మౌనం. ఉద్యోగం అయిపోయినా, పిల్లలు స్థిరపడినా, ఎవరేమనుకుంటారో, ఉన్నది ఎక్కడ పోతుందో అని నోరు కట్టుకుని కూర్చోవడం. మొదటి దానికి పదవీ విరమణ రోజున కాలం తీరిపోతుంది. రెండోదాన్ని వదిలించుకోవాలంటే మనమే పూనుకోవాలి.

మన 1980 నాటి పెన్షను నిబంధనల్లో సత్ప్రవర్తన షరతు ఉందని కొందరు భయపడతారు. ఆ నిబంధన చెప్పేది తీవ్రమైన నేరం, ఘోరమైన దుష్ప్రవర్తన గురించి. కాలవలో చెత్త వేస్తున్నారని, రేషను కార్డుకు లంచమడుగుతున్నారని, బడిలో పంతులు రావడం లేదని, ఎవరో నిస్సహాయుడికి అన్యాయం జరిగిందని నిజం చెప్పడం దుష్ప్రవర్తన కాదు. ముప్పై ఏళ్ళు అర్జీలు చదివినవాళ్ళం. ఏ అర్జీలో పస ఉందో, ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో మనకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?

మాట్లాడే తీరు కూడా ఆయన దగ్గర నేర్చుకోవలసిందే. సొంత పేరుతో, ఉన్న ఊళ్ళో నిలబడి, తిట్టు లేకుండా, తెలిసినంతమేరకు, ఒక్క పేజీలో చెప్పాలి. రోజూ చెప్పనక్కర్లేదు. అవసరమైన రోజున చెబితే చాలు. అన్నాళ్ళూ అనవసరంగా నోరు పారేసుకోని మనిషి గనుకనే ఆ రోజు ఆయన మాటకు అంత బరువు వచ్చింది.

హోదా ప్రభుత్వం ఇచ్చింది, ప్రభుత్వమే తీసుకుంది. కవిత్వమూ మాటా ఆయన సొంతం, వాటిని ఎవరూ తీసుకోలేకపోయారు. మనమందరం కవులం కాకపోవచ్చు. సంతకం మాత్రం మనందరికీ ఉంది. దాన్ని ఏటా జీవన ప్రమాణ పత్రం మీద పెట్టడానికే పరిమితం చేయవద్దని మనవి.